వదిన తల మీద పెట్టిన చెయ్యి

నన్ను ఒకే మాట మూడుసార్లు అడిగారు. ప్రొద్దుటూరులో డాక్టరు ఒకసారి, జమ్మలమడుగులో డాక్టరమ్మ ఒకసారి, మా చిన్నత్త ఒకసారి. మూడుసార్లూ అబద్ధమే చెప్పాను. జ్వరంలో ఉన్నాను కాబట్టి ఏం మాట్లాడానో తెలియదని తప్పించుకోవచ్చు. కానీ తెలుసు. ఒళ్ళు కాలిపోతున్నా అబద్ధం చెప్పేటప్పుడు మనిషికి తెలివి బాగానే ఉంటుంది.

ఇప్పుడు లేచి తిరుగుతున్నాను. మెట్లెక్కితే మోకాళ్ళు వణుకుతాయి, జుట్టు సగం రాలింది, అంతే. నా మనసు కుదుటపడాలని కొంత, నాలాగా డాక్టరు ముందు నోరు మూసుకుని కూర్చునే వాళ్ళకు భయం చెప్పాలని కొంత, ఇది రాస్తున్నాను.

శివరాత్రికి ముందు వారం

మా నాయనకు ప్రొద్దుటూరులో సైకిలు షాపు. బాడుగకు ఇస్తాడు, రిపేర్లు చేస్తాడు. ఎనిమిదో తరగతిలో నన్ను బడి మాన్పించినప్పటి నుంచి అంగడి వెనక పెరడంతా నాదే. పంక్చర్లు వేస్తాను, చక్రం వంకర తీస్తాను. రిపేరయిన బండి సరిగ్గా ఉందో లేదో తొక్కి చూడాలి కదా, అట్లా తొక్కడం కూడా వచ్చింది. "గోడ లోపల ఎంతన్నా తొక్కుకో రత్నీ. వాకిలి దాటినావంటే కాళ్ళిరుగుతాయి" అనేవాడు నాయన.

మా అన్న గుత్తిలో రైల్వే పనిలో ఉన్నాడు. పెళ్ళయి ఆరు నెలలు. అక్కడ ఇల్లు దొరికేదాకా వదిన మా ఇంట్లోనే ఉంది. పేరు ఓబులమ్మ, పులివెందుల పిల్ల, నాకంటే ఒక్క ఏడాది పెద్దది. అమ్మ నిద్రపోయే మధ్యాహ్నాల్లో వదినకు కూడా సైకిలు నేర్పాను. రెండుసార్లు తులసి కోట మీద పడింది, మూడోసారి కోటే పడింది.

శివరాత్రికి వదినను పుట్టింటికి పంపాలనుకున్నారు, తోడు నేను. పులివెందులలో ఒక షాపు వాళ్ళకు నాయన రెండు సైకిళ్ళు బాగుచేసి పంపాల్సి ఉంది. వాటిని కూడా మా బస్సు మీదనే కట్టించాడు. "జమ్మలమడుగులో బస్సు మారల్ల. ఆడ బస్సు దొరక్కపోతే గమ్మున మీ చిన్నత్తింట్లో పండుకోండి" అని మరీ మరీ చెప్పాడు. కర్నూలు రాజధాని అయింది, ఇంక మన రోడ్లు బాగుపడతాయి, బస్సులు పెరుగుతాయి అని అంగట్లో అందరూ అనుకునేవాళ్ళు. పులివెందుల బస్సుకు మాత్రం ఆ సంగతి తెలిసినట్టు లేదు. ఆ రోజు జమ్మలమడుగులో దిగేసరికి, బండి చెడిపోయింది, రేపే అన్నారు.

చిన్నత్త ఇల్లు నాలుగు వీధుల అవతల ఉంది. సైకిళ్ళు మా ముందు ఉన్నాయి.

"వదినా, ఇవి పెట్టుకోని బస్సుకోసం కాసుకోనుండేదేంది? పోదాం పా" అన్నాను.

"నీకేమన్నా పిచ్చా మే? పులివెందుల యాడ, మనం యాడ?"

"ముద్దనూరు దాకా తొక్కుదాం. కాకపోతే ఆడ బస్సెక్కుదాం."

"ఎవురన్నా చూస్తే?"

"చూస్తే చూడనీ. మనల్ని పట్టుకోవాలంటే వాళ్ళకీ సైకిలుండల్ల గదా!"

వదిన నవ్వేసింది. ఆ నవ్వు తెప్పించింది నేనే. ఇది మరిచిపోకుండా రాయాలి, ఎందుకంటే తర్వాత చాలా రోజులు ఈ ముక్కే దాచాను.

చీరలు కచ్చ పోసి కట్టుకున్నాం. మూటలూ, సైకిళ్ళతో నాయన పంపిన పంపూ పంక్చరు సామానూ, నీళ్ళ చెంబూ, జొన్నరొట్టెల గుడ్డా పాత ట్యూబు ముక్కలతో క్యారియర్లకు బిగించాను. ముద్దనూరు దాటేదాకా ఏ ఇబ్బందీ లేదు. ఆ తర్వాత కొండలు. కట్టెల మోపు దించి కూర్చున్న ఒక అవ్వ మమ్మల్ని చూసి ముక్కు మీద వేలేసుకుంది. దారి అడిగితే చెప్పింది: "రోడ్డున పోతే కొండ సుట్టుకోని పోవల్ల. మంటలు పాకకుండా ఫారెస్టోళ్ళు గడ్డి కోసి కాల్చిన బాటుంది సూడు, ఫైరు లైనంటారు, అది నేరుగా అవతలికి దిగుతాది."

ఆ బాట చూస్తే నాకు కాళ్ళు ఆగలేదు. రెండు పక్కలా అడవి, నడుమ బండి పట్టేంత వెడల్పున నల్లటి దారి, కొండ పైదాకా గీత గీసినట్టు. ఎక్కుడు దగ్గర నెట్టుకుంటూ, దిగుడు దగ్గర అరుచుకుంటూ పోయాం. మసి లేచి కాళ్ళకూ చీర అంచులకూ పట్టింది. సగం దారిలో వదిన బండి వెనక చక్రానికి ముల్లు దిగింది. రెండు చోట్ల గాలి పోతోంది. ఎక్కడ పోతోందో తెలియాలంటే ట్యూబును నీళ్ళలో ముంచి బుడగలు చూడాలి. చెంబు నీళ్ళు అప్పటికే తాగేశాం. నీళ్ళు వెతుక్కుంటూ బాట వదిలి కిందికి దిగితే ఒక వంక, చిన్న వాగు, అందులో మడుగు. ట్యూబు ముంచితే బుడగలతో పాటు చిన్న చిన్న పురుగులు తోకలాడిస్తూ పైకొచ్చాయి. నవ్వుకున్నాం. అతుకు ఆరేసరికి పొద్దు గూకింది.

ఆ మడుగు పక్కనే పడుకున్నాం. దోమలు ముసిరాయి. పొగ పెడదామంటే నిప్పు రాజేస్తే ఫారెస్టు వాళ్ళు వస్తారని భయం. చీర కొంగులు మొహాల మీద కప్పుకుని తెల్లారేదాకా మాట్లాడుకున్నాం. అంత సంతోషంగా నేనెప్పుడూ లేను. అది చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది.

తెల్లారి పులివెందుల కనపడే చోట కాళ్ళు కడుక్కుంటూ ఉంటే వదిన మొహం మారిపోయింది. నా చెయ్యి లాగి తన తల మీద పెట్టుకుంది.

"ఎవురికీ చెప్పనని ఒట్టెయ్యి. రాత్రంతా అడివిలో పండుకున్న కోడల్ని మీ అమ్మ ఇంట్లోకి రానిస్తాదా?"

"మనిద్దరమే గదా వదినా ఉన్న్యది?"

"ఇద్దరమే అని నువ్వూ నేనూ అంటే ఎవురు నమ్ముతారు మే? చిన్నత్తింట్లో పండుకోని పొద్దున బస్సుకొచ్చినాం. అంతే. చెప్తివంటే నేను సచ్చినట్టే."

"సరే, ఒట్టు."

మా వైపు తల మీద ఒట్టు అంటే ఆట కాదు. మాట తప్పితే ఎవరి తల మీద చెయ్యి పెట్టామో వాళ్ళకే కీడు.

పన్నెండో రోజు

శివరాత్రి చూసుకుని ఈసారి బస్సులోనే ప్రొద్దుటూరు వచ్చేశాం. ఆ రాత్రికి సరిగ్గా పన్నెండో రోజు మధ్యాహ్నం నేను చక్రానికి ఊచలు బిగిస్తూ ఉంటే చేతిలోంచి స్పానరు జారిపోయింది. ఎండలో కూర్చుని ఉన్నాను, అయినా వణుకు. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పి, పైన నాయన గొంగడి కప్పి, దాని మీద అమ్మ తను పడుకుని అదిమి పట్టింది. అయినా మంచం కోళ్ళు నేల మీద టకటకలాడాయి. తర్వాత మంట. ఆ మంట దిగలేదు.

డాక్టరు వచ్చి కడుపు నొక్కి చూశారు. "ఊళ్ళో ఇండ్లకు మందు కొట్టినాక చలిజ్వరాలు తగ్గినాయి. ఈ మధ్య కొండల దిక్కు గానీ, అడివి దిక్కు గానీ పోయినారా?" అన్నారు.

"లేదు సార్" అంది అమ్మ. "మా ఆడబిడ్డింట్లో ఒక రాత్రి, పులివెందులలో నాలుగు దినాలు. అంతే."

డాక్టరు నా వైపు తిరిగారు. "ఏమ్మా?"

వదిన వాకిలి దగ్గర చెంబు పట్టుకుని నిలబడి ఉంది.

"లేదు సార్" అన్నాను.

విడవని జ్వరం కాబట్టి టైఫాయిడ్ అనుకున్నారు. ఆయన తప్పేం లేదు, మేం చెప్పిందే ఆయన నమ్మారు. ఇంక లంఖణాలు మొదలు. అన్నం లేదు, సంగటి లేదు, బార్లీ నీళ్ళు. పక్కింట్లో తిరగమోత వాసన వస్తే ఏడ్చేదాన్ని.

మూడో రోజో నాలుగో రోజో అమ్మ మాసిన గుడ్డలు మూట కడుతూ నా చీర పైకెత్తింది. "ఈ అంచుకు మసి యాడిదే? ఎన్ని తూర్లు ఉతికినా పోదు."

"బస్సు పొగమ్మా."

"బస్సు పొగ కాళ్ళకాడికొస్తాదా?" అని తనలో తనే అనుకుంటూ, మసి వదిలేసి మనుషుల మీదికి వచ్చింది. "ఏం పొగో ఏం పాడో. ఆ పిల్ల ఈ ఇంట్లో అడుగుపెట్టిన్యాల నుంచి ఒక్కటీ బాగలేదు. వాడికి ఇల్లు దొరకదు, దీనికి జ్వరం దిగదు. పుట్టింటికి పంపితే ఇది తగులుకోనొచ్చింది."

వదిన వంటింట్లోనే ఉంది. గోడ అడ్డం, అంతే. గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

నేను కళ్ళు మూసుకున్నాను. నిద్రపోతున్నట్టు.

ఒట్టు ఉంది కాబట్టి చెప్పలేదని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. కానీ అడవి సంగతి దాచి కూడా, "అమ్మా, వదిననేం అనొద్దు" అని ఒక్క మాట అనొచ్చు కదా. ఆ మాటకు ఏ ఒట్టూ అడ్డం లేదు. అమ్మ కోపం ఎవరో ఒకరి మీదికి పోతోంది, నా మీదికి రావడం లేదు, అది నాకు హాయిగా ఉండింది. నిజం ఇదే.

ఆ సాయంత్రం వదిన నా నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ ఉంటే ఆమె చెయ్యి నాకు తగిలింది. నా నుదురు కంటే వేడిగా ఉంది.

"వదినా, నీగ్గూడా..."

"గమ్మునుండు." గుడ్డ పిండుతూ గొంతు తగ్గించింది. "ఇద్దరికీ వచ్చిందంటే, ఇద్దరూ యాడికి పోయినారని అడుగుతారు."

నాలుగు రోజులు ఆ జ్వరంతోనే నీళ్ళు తోడింది, రుబ్బింది, నాకు బార్లీ కాచింది. ఐదో రోజు రుబ్బురోలు దగ్గర పక్కకు ఒరిగిపోయింది.

జమ్మలమడుగు

నాయనా అమ్మా మా ఇద్దరినీ జమ్మలమడుగులో ఒక ఆసుపత్రికి తీసుకుపోయారు. బస్సు అదే దారి. అప్పుడు పైన సైకిళ్ళు, లోపల మా నవ్వులు. ఇప్పుడు వదిన తల నాయన భుజం మీద, నా తల కిటికీ ఊచకు.

వరండా నిండా జనం. కూర్చోవడానికి చోటు లేదు. ఒక ముసలామె తన చాప మీద నుంచి లేచి మమ్మల్నిద్దరినీ పడుకోబెట్టింది. పేరు ఖాజాబీ. దువ్వూరు వైపు గాజులు అమ్ముతుందట, కూతురి కాన్పు కోసం వచ్చి వారమైంది. "పండుకోండమ్మా, నాకు నిలబడేది అలవాటే, గాజుల మలారం భుజాన పెట్టుకోని ఊర్లన్నీ తిరిగేదాన్ని" అంది. తర్వాత వార్డులో కూడా మా మంచాల దగ్గరికే వచ్చి కూర్చునేది.

డాక్టరమ్మ ఇద్దరి కళ్ళూ చూసింది, నాలుకలు చూసింది. "ఇద్దరూ ఒకటే తూరి పడినారే. రక్తం చూసే ఆయన ఎల్లుండి గానీ రాడు. ఈలోపల నాకు తెలియల్ల. ఇద్దరూ కలిసి బయట యాడన్నా పండుకుంటిరా? నీళ్ళ పక్కన? కొండల్లో?"

వదిన కళ్ళు మూతలు పడుతున్నాయి. అయినా నా వైపే చూసింది.

"లేదు మేడమ్" అన్నాను. ఇది రెండోసారి.

ఆ సాయంత్రం చిన్నత్త వచ్చింది. ఊళ్ళోనే ఉంటుంది కాబట్టి వస్తుందని నాకు ముందే తెలియాలి. తెలియలేదు. అమ్మ ఆమె చేతులు పట్టుకుని, "ఆ పొద్దు పిల్లోళ్ళకు నీ ఇంట్లో చోటిచ్చినావు, నీ రుణం..." అని మొదలుపెట్టింది.

చిన్నత్త నా వైపు ఒక్క చూపు చూసింది. "దాన్దేముందిలే" అంది. అమ్మ నీళ్ళు పట్టుకురావడానికి పోగానే నా చెవి దగ్గరికి వంగింది.

"ఏమే కోడలా, మీరు మా ఇంటికి యానాడొచ్చినారే? ఆ రాత్రి యాడుంటిరి?"

దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాను.

"నువ్వు చిన్నపిల్లవి, నీకేం తెలీదు. మీ వదిన ఎవురినన్నా చూసేదానికి పోయిందా? నువ్వు తోడు పోయినావా? చెప్పు, నా కడుపులో పెట్టుకుంటా."

ఒక్క మాట చాలు. "నేనే తీసకపోయినా అత్తా" అంటే చాలు. అడవి పేరు కూడా ఎత్తక్కర్లేదు.

"నాకు తెలీదత్తా" అన్నాను.

చిన్నత్త నిట్టూర్చి, అవతలి మంచం మీద ఒళ్ళు తెలియకుండా పడి ఉన్న వదిన వైపు చూసింది. ఆ చూపు నా కంటి ముందు నుంచి ఇప్పటికీ పోలేదు. నన్ను కొట్టి ఉంటే బాగుండేది. అట్లా చూసింది.

మరుసటి రోజు

తెల్లారేసరికి వదిన ఎవరినీ గుర్తుపట్టడం లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. రెండు కాళ్ళూ దుప్పటి కింద ఆడుతున్నాయి. ఏం చేస్తోందో ఎవరికీ అర్థం కాలేదు, నాకు తప్ప. తొక్కుతోంది.

"రత్నీ, దిగుడొచ్చ... బ్రేకు పడల్యా... రత్నీ..."

అమ్మ మొత్తుకుంటోంది. "ఏం మాట్లాడతాందో చూడండి, ఏదో సోకింది పిల్లకు." నాయన నర్సును పిలవడానికి పరిగెత్తాడు. ఖాజాబీ నా మంచం మీద కూర్చుని నా కాలు గట్టిగా పట్టుకుంది.

"నువ్వూ రాత్రి ఇదే అంటాంటివి, బేటీ. సైకిలు, మసి, వంక, దోమలు. నేను ఇన్న్యా. డాక్టరమ్మ అడిగింది ఇదే గదా?"

"ఆమె తల మీద ఒట్టేసినా అవ్వా. చెప్తే ఆమెకే..."

"చెప్పకపోతే?" అంది. "ఒట్టు తీసి గట్టున పెట్టు. ఆ కీడేదో ఉంటే నా నెత్తిన ఎయ్యి, నేను ఎట్లాగూ ముసల్దాన్ని. లెయ్."

ముక్కూ మొహం తెలియని మనిషి. కూతురు పక్క వార్డులో నొప్పులు పడుతుంటే నా కీడు తన నెత్తిన వేసుకుంటానంటోంది. నేను మాత్రం వదిన నెత్తిన పెట్టిన చెయ్యి తీయడానికి ఇన్ని రోజులు తీసుకున్నాను.

గోడ పట్టుకుని నడిచాను. డాక్టరమ్మ వరండాలో ఎదురైంది. నాయన అక్కడే ఉన్నాడు, నా వెనకే అమ్మ వచ్చింది, గంజి తెచ్చిన చిన్నత్త మెట్ల మీద ఉంది. అందరి ముందూ చెప్పాను. ఫైరు లైను, పంక్చరు, మడుగు, తోకలాడించే పురుగులు, దోమలు. "నేనే తీసకపోయినా. వదిన రానన్న్యది. నేనే."

డాక్టరమ్మ తిట్టలేదు. "ఎన్ని దినాలైంది?" అని అడిగింది. లెక్కపెట్టి చెప్పాను. "కడుపులో ఏమన్నా ఉందా ఆ పిల్లకు?" లేదన్నాను. గబగబా వెనక్కి తిరిగి, చలిజ్వరానికి ఇచ్చే కొయినా ఇంజెక్షన్ తెమ్మని నర్సుకు అరిచి చెప్పింది. నన్ను దాటిపోతూ మెల్లగా అంది: "నిన్న చెప్పింటే నిన్ననే ఇచ్చిండేదాన్ని గదమ్మా."

అమ్మ వదిన మంచం దగ్గరికి పరిగెత్తింది. చిన్నత్త గంజి గిన్నె మెట్టు మీద పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయన నేల చూస్తూ ఒక్క మాట అడిగాడు.

"పంక్చరు ఎవురేసినారు?"

"నేనే నాయనా."

తల ఆడించి మొహం పక్కకు తిప్పుకున్నాడు. అప్పుడు వెక్కిళ్ళు వచ్చాయి నాకు.

ఉగాది

సీసాలోంచి వదిన చేతిలోకి ఆ మందు చుక్క చుక్కగా దిగుతూ ఉంటే అమ్మ మూడు రోజులు ఆ మంచం పక్క నుంచి లేవలేదు. నా మంచం వైపు రాలేదు. అది న్యాయమే. మూడో రోజు వదిన కళ్ళు తెరిచి, "అత్తా, నీళ్ళు" అంది. అమ్మ ఆమె పాదాలు రెండూ ఒడిలోకి తీసుకుని ఏడ్చింది. ఇంట్లోకి ఏ వేళలో వచ్చాయో అని తను తిట్టిన పాదాలే అవి.

రక్తం చూసే ఆయన వచ్చి చూశాడు. ఇద్దరిదీ చలిజ్వరమే, మలేరియా అన్నాడు, వదినది మెదడుకెక్కే రకం. నాకు మాత్రలతోనే దిగింది. చెవుల్లో రోజంతా కీచురాళ్ళు అరిచినట్టు ఉండేది, మందుకు అట్లాగే ఉంటుంది, పోతుంది అన్నారు. నాది పోయింది.

ఉగాది నాటికి ఇంటికొచ్చాం. అన్న గుత్తి నుంచి వచ్చాడు. వాడు వదినను అడిగాడు, నేను తలుపు చాటున వింటున్నాను. "ఇద్దరం పోయినాం. నాకూ ఇష్టమే అయింది" అంది వదిన. సగం తప్పు తీసుకుంది, ఎవరూ ఇవ్వకుండానే.

అప్పటికి ఇంట్లో అందరికీ తెలిసిపోయింది, వదినకు ఎడమ చెవి వినపడటం లేదని. జ్వరం వల్లనో, మందు వల్లనో చెప్పలేమన్నారు. మందు ఒక రోజు ముందు పడి ఉంటే ఆ చెవి మిగిలేదేమో, అది కూడా ఎవరూ చెప్పలేరు. నేను ఎవరినీ అడగలేదు.

అమ్మ ఊరికి పోయిన ఒక మధ్యాహ్నం వదిన పెరట్లో కూర్చుని విత్తనాలకు చెనిక్కాయలు వలుస్తోంది. నేను పోయి పక్కన కూర్చున్నాను. పక్కన కూర్చుంటే మొహం చూడనక్కర్లేదు. మొదలుపెట్టాను. ఒట్టు కోసం కాదు వదినా నేను చెప్పంది, అది వట్టి సాకు. అమ్మ నిన్ను అంటాంటే నిద్రపోయినట్టు నటిస్తి. చిన్నత్త నిన్ను అనుమానించి అడిగితే, నాకు తెలీదంటి. తెలిసి కూడా అట్లంటి. ఎంతసేపు మాట్లాడానో. వాగుడుకాయను కదా, ఒకసారి మొదలైతే ఆగదు. అంతా అయిపోయి గుండె తేలికయింది. వదిన వలుస్తూనే ఉంది. ఏమీ అనలేదు. క్షమించిందనుకున్నాను.

లేవబోతే నా మోచెయ్యి తగిలింది. వదిన తిరిగి చూసింది.

"నువ్వెప్పుడొస్తివి మే? ఏమన్నా అంటివా? ఆ పక్క ఇనపడదు గదా. ఇట్లా ఈ పక్కకొచ్చి చెప్పు."

లేచి కుడి పక్కకు పోయాను. మొదటిసారి వచ్చినంత తేలిగ్గా రెండోసారి మాట రాలేదు. అమ్మ అన్న మాట దాకా చెప్పగలిగాను. చిన్నత్త దగ్గరికి వచ్చేసరికి నేనూ ఒక కాయ తీసుకుని వలవడం మొదలుపెట్టాను. వదిన చేతిలోని కాయలు చేటలో పోసి, అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని, నా మొహం మీదికి వంగింది.

"ఊఁ, తర్వాత?" అంది.

చెప్పాను.